కామెర్ల వార్డుల్లో ఐఎన్ఆర్ పరీక్ష కోసం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ రాత్రీ పగలూ జరిగేలా చూడమని అడగడానికే ఈ లేఖ. హెపటైటిస్‌తో, అంటే లివర్ వాపుతో, లివర్ ఫెయిలైన మనిషి బతికే అవకాశం ఎంతో, పెద్దాసుపత్రికి పంపడానికి ఎంత టైముందో అంచనా వేయాలంటే ఆ పరీక్ష లేకుండా కుదరదు.

నేను పదే పదే చూసిన సంగతి చెబుతాను. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందని తెలియని మనిషికి పచ్చకామెర్లు వస్తాయి. కొన్నాళ్లు పసరు మందు నడుస్తుంది. కడుపులో నీరు చేరాక ఆసుపత్రికి తెస్తారు. లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎస్జీపీటీ అనే ఎంజైము వేలల్లో ఉంటుంది. నాలుగైదు రోజులకు అది వందల్లోకి దిగితే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా. కానీ బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చగా చేసే పదార్థం), ఐఎన్ఆర్ పెరుగుతూ ఎస్జీపీటీ తగ్గితే అది శుభవార్త కాదండీ. దెబ్బతినడానికి లివర్‌లో కణాలే పెద్దగా మిగల్లేదని అనుమానించాలి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం తయారయ్యేది లివర్‌లోనే. అది ఇంకా ఎంత పనిచేస్తోందో ఐఎన్ఆర్ చెబుతుంది, ఎస్జీపీటీ చెప్పదు. పగలంతా నిద్రపోయి, రాత్రి మేలుకుని, పొంతన లేని మాటలు మొదలయ్యాక అప్పుడు 108 పిలిచి విశాఖకో హైదరాబాద్‌కో పంపుతున్నాం. అప్పటికి లివర్ మార్పిడి గురించి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు.

అంచనా వేసే పద్ధతులు కొత్తవేం కావు. బిలిరుబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), ఐఎన్ఆర్ మూడింటినీ కలిపి 6 నుంచి 40 వరకు లెక్కకట్టే మెల్డ్ స్కోరును అమెరికాలో 2002లో లివర్ కేటాయింపుకు వాడటం మొదలుపెట్టారు, తర్వాత దానికి మరికొన్ని అంశాలు చేర్చారు. అక్కడ మార్పిడికి ఎదురుచూసేవాళ్లలో స్కోరు 30 దాటితే మూడు నెలల్లోపు సగం మందికి పైగా చనిపోతున్నట్టు తేలింది. ఆసియా పసిఫిక్ నిపుణులు తయారుచేసిన ఆర్క్ స్కోరు వీటికి రక్తంలోని లాక్టేట్ అనే పదార్థాన్నీ, రోగి స్పృహ స్థాయినీ కలుపుతుంది. ఏ లెక్క తీసుకున్నా ఐఎన్ఆర్ ఉండాల్సిందే. ఫోన్‌లో నిమిషంలో లెక్క తేలుతుంది. పరీక్ష రిపోర్టే చేతికి రాదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్కోరు ఎక్కువ రాగానే "ఇంటికి తీసుకెళ్లిపోండి" అనడానికి దాన్ని వాడకూడదు. చేర్చిన రోజు వచ్చిన అంకె కన్నా మొదటి వారంలో అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యం. మందు దాన్ని మార్చగలదు కూడా. హెపటైటిస్ బి తిరగబెట్టి లివర్ ఫెయిలైన 27 మంది మీద ఢిల్లీ వైద్యులు చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. మూడు నెలల తర్వాత, ఆ వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర వాడిన 14 మందిలో 8 మంది బతికున్నారు, వాడని 13 మందిలో ఇద్దరే. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ ఆ తేడా చూశాక మందు మొదలుపెట్టడానికి ఒక్క రోజు ఆలస్యం చేసినా నాకు కష్టంగానే ఉంటుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందు ఉచితం.

మన దేశపు తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారైన) హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. ఆ టీకా పిల్లలందరికీ అందకముందు పుట్టిన తరం ఇప్పుడు కుటుంబాలు మోసే వయసులో ఉంది. వాళ్ల కోసమే ఈ గొడవంతా.

ఐఎన్ఆర్ యంత్రంతో పాటు రియేజెంట్ (పరీక్షకు వాడే రసాయనం), నీలం మూత ట్యూబులు అయిపోకుండా చూడాలి. ఆ ట్యూబులో రక్తం గీత దాకా నింపకపోతే ఫలితం తప్పు వస్తుంది, కాబట్టి సిబ్బందికి శిక్షణ కావాలి. రక్తస్రావం లేకపోయినా ముందుజాగ్రత్తగా, గడ్డకట్టే ప్రొటీన్లుండే ప్లాస్మా ఎక్కించి పంపే అలవాటు మానాలి. దానివల్ల ఐఎన్ఆర్ కొంతసేపు తగ్గినట్టు కనిపించి, అవతలి డాక్టరుకి అసలు పరిస్థితి తెలియకుండా పోతుంది. కామెర్లతో చేరిన ప్రతి రోగికీ మొదటి వారమంతా బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్ కేస్‌షీట్‌లో ఒకే చోట రాయమని, బిలిరుబిన్ 5, ఐఎన్ఆర్ 1.5 దాటి కడుపులో నీరు గానీ మతి తప్పడం గానీ కనిపిస్తే అదే రోజు లివర్ నిపుణుడితో ఫోన్‌లో మాట్లాడి తీరాలని సర్క్యులర్ ఇవ్వండి. ఆ ఫోన్‌కు రాత్రి రెండు గంటలకైనా జవాబిచ్చే డాక్టరు ఎవరో, ఏ నంబరో అందులోనే రాయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు