ఆ రేవు వీధి ఎలా ఉందిరా?

చిరంజీవి కార్తీక్‌కి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మేడమెట్లు ఎక్కి దిగుతోంది. నానమ్మ గదికి సున్నం వేయించాం. దసరాకి మీ అత్తావాళ్ళు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళారు. నువ్వు ఫోన్ చెయ్యలేదేమని అత్త అడిగితే పని ఒత్తిడి అని చెప్పాను. మూడు వారాల్లో నీ దగ్గర్నుంచి వచ్చినవి రెండు బొటనవేలు బొమ్మలూ, ఒక "ఓకే నాన్నా". దాన్ని తప్పు పట్టడానికి కూర్చోలేదు. ఎందుకో పొద్దుట్నుంచీ మీ వీధే గుర్తొస్తోంది, నాలుగు ముక్కలు రాద్దామనిపించింది.

నీ కాన్వొకేషన్‌కి వచ్చి బాల్టిమోర్ రేవు పేట ఆ ఫెల్స్ పాయింట్‌లో తొమ్మిది వారాలున్నాం. ఈ వయసులో కొత్త ఊరు ఇంతలా మనసుకి పడుతుందనుకోలేదు. తెల్లారి ఆరింటికి బ్రాడ్‌వే చివరికి నడిచి, ఆ చెక్క బల్ల మీద కూర్చుంటే అవతలి ఒడ్డున డొమినో షుగర్స్ అని ఎర్రటి అక్షరాలు కనిపించేవి. తారు, చేప, తడి తాడు కలిసిన ఆ రేవు వాసన ఎక్కడైనా ఒకటే. పోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు పీల్చినవాణ్ణి, నాకు తెలుసు. ఆ టైముకి పబ్బుల ముందు నీళ్ళు కొట్టి కడుగుతుండేవాళ్ళు. రాత్రి రెండింటిదాకా గోలగోలగా ఉన్న వీధి అదేనా అనిపించేది. రెండింటికి మూసేయాలని అక్కడి రూలు, కాబట్టి రెండుంబావుకి నీ కిటికీ కింద కేకలు. మీ అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. ఇప్పుడూ అలాగే ఉంటుందా? నీకు నిద్ర పడుతోందా? లేక ఆ టైముకి అసలు ఇంట్లోనే ఉండటం లేదా?

సరే, వీధి గురించి కదా చెబుతున్నాను. గోడల మీది రాగి ఫలకాలన్నీ నేను ఆగి ఆగి చదువుతుంటే, రమ్మని నువ్వు చెయ్యి పట్టుకు లాగేవాడివి. విలియం ఫెల్ అనే ఓడలు కట్టేవాడు ఇంగ్లండ్ నుంచి వచ్చి 1726లో ఆ నేల కొన్నాడట. వాళ్ళబ్బాయి ఎడ్వర్డ్ 1763లో దాన్ని వీధులుగా కొలిచి అమ్మాడు. అందుకే థేమ్స్ వీధి, షేక్‌స్పియర్ వీధి అని అన్నీ లండన్ వాసన కొట్టే పేర్లు. లండన్ నది పేరులా నేను టెమ్స్ అంటే కాఫీ షాపు కుర్రాడు నవ్వి, ఇక్కడ థేమ్స్ అనే అంటాం సార్ అన్నాడు. యాన్ వీధిలో రాబర్ట్ లాంగ్ ఇల్లు 1765 నాటిది, ఆ నగరంలో ఇంకా నిలిచి ఉన్న బాగా పాత ఇళ్ళలో అదొకటి. ఇంత పాత పేట 1960ల్లో పెద్ద హైవే కింద పోవాల్సిందట. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి ఆపారు. 1969లో చారిత్రక ప్రాంతంగా జాతీయ జాబితాకెక్కింది. ఆ రోడ్డే పడుంటే మనం కూర్చున్న ఆ సన్నటి ఇటుక గోడల కాఫీ కొట్టు ఏది? మా ఊళ్ళో రోడ్డు వెడల్పంటే గుండెలు బాదుకుని ఊరుకున్నాం. వాళ్ళు ఊరుకోలేదు. నాకు ఆ మనుషులంటే గౌరవం.

నువ్వు గుర్రం బొమ్మ ఉన్న సెలూన్ చూపించావు, ది హార్స్ యు కేమ్ ఇన్ ఆన్. 1775 నుంచీ ఉందని చెప్పుకుంటారు. రచయిత ఎడ్గార్ అలన్ పో ఆఖరిసారి తాగింది అక్కడేనని కథ కూడా ఉంది. కథ సంగతెలా ఉన్నా, ఆయన 1849 అక్టోబరు 3న బాల్టిమోర్‌లో తనలో తాను లేని స్థితిలో దొరికాడు, 7న మీ బ్రాడ్‌వే మీదే పైనున్న ఆస్పత్రిలో పోయాడు. నలభై ఏళ్ళు! ఎందుకు పోయాడో నేటికీ తేలలేదట. ఎలాంటి బుర్ర! ఆ నాలుగు రోజులూ పక్కన ఒక్క అయినవాడు లేడు. పెద్దబాబాయి సంగతి మళ్ళీ ఎత్తనని మీ అమ్మకి మాటిచ్చాను కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

ఇప్పుడొక మాట. సీతారామయ్య గారి మనవడు మీ ఊరికి దగ్గర్లో కొలంబియాలో ఉంటాడు కదా, మొన్న శనివారం స్నేహితులతో మీ వీధికొచ్చాడట. రాత్రి పదకొండు దాటాక ఒక పబ్బులో నిన్ను చూశానని వాళ్ళమ్మతో అన్నాడు. ఆవిడ గుళ్ళో మీ అమ్మతో చెప్పింది. పబ్బులో కనిపించాడంటే నేను పట్టించుకోను, పాతికేళ్ళవాడివి. కానీ కౌంటర్ లోపలివైపు ఉన్నావట. నల్ల చొక్కా వేసుకుని, భుజాన గుడ్డతో. ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అని నేను కొట్టిపారేశాను. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ పని తక్కువదని నేననను. మే నెలలో అడిగితే అనేవాణ్ణేమో, జులై తర్వాత అనలేను. పోర్టు గేటు పక్క సారా కొట్లు చూసి పెరిగినవాణ్ణి నేను. జీతాలిచ్చే రోజు అక్కడ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని నిలబడేవాళ్ళు. బార్ అనగానే నాకు కళ్ళ ముందు కదిలేది ఆ గుమ్మమే. జులైలో నేను జారిపడ్డ ఆ మధ్యాహ్నం నీకు సగమే తెలుసు. మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు మీ అమ్మ పడుకుంది. నువ్వు తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నావు. కాఫీ షాపుకని బయల్దేరాను, ఫోన్ చార్జింగ్‌లో వదిలేశాను. చిన్న కప్పు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. కిటికీ దగ్గర కూర్చుని పడవ టాక్సీ వచ్చిపోవడం చూసేవాణ్ణి. తిరిగొస్తుంటే ఒక్కసారిగా కుండపోత. రేవు పోటు మీదుంది. వీధి అంచున నీళ్ళు రాళ్ళ మీదికి పాకుతున్నాయి. 2003లో ఇసబెల్ తుఫానుకి ఆ వీధంతా మునిగిందని కాఫీ కుర్రాడు అంతకుముందే చెప్పాడు. నాకు మన తొంభై ఆరు తుఫాను కళ్ళ ముందు ఆడింది. గబగబా అడుగేశాను. ఆ రాతి దిమ్మలు తడిస్తే సబ్బు రాసినట్టుంటాయి. కుడి కాలు మడతపడి, ఒక పబ్బు గుమ్మం ముందు కూలబడ్డాను.

లోపల్నుంచి ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, చేతి నిండా పచ్చబొట్లు. నా చంకల కింద చేతులు వేసి లేపి, లోపల కుర్చీలో కూర్చోబెట్టి, ఐసు గుడ్డలో చుట్టి చీలమండ మీద పెట్టింది. ఇంట్లోవాళ్ళ నంబరు చెప్పమంది. నోటికొచ్చింది మన ఇంటి ల్యాండ్‌లైన్ నంబరొక్కటే. నీ పేరు, వీధి పేరు, ఎర్ర తలుపు అని చెప్పాను. పాత్రలు కడిగే కుర్రాణ్ణి ఆ వానలోనే నీ కోసం పంపింది. ఏం తాగుతారంది. వేడినీళ్ళు అన్నాను. మారుమాట లేకుండా నిమ్మచెక్క వేసి తెచ్చిచ్చింది, డబ్బు తీసుకోలేదు.

నువ్వొచ్చేలోపు ఓ ఇరవై నిమిషాలు ఆ పిల్ల పని చూస్తూ కూర్చున్నాను. గ్లాసుని ముందు చల్లటి నీళ్ళతో తడుపుతుంది. బీరు కుళాయి కింద వంచి పట్టి, ముప్పాతిక నిండాక నిటారుగా చేస్తుంది. నురుగు సరిగ్గా రెండు వేళ్ళ మందం, ఒక్క చుక్క కింద పడదు. ముగ్గురు పిల్లలొస్తే కార్డులడిగి వెలుతురుకి పట్టి చూసింది, ఇరవై ఒకటి నిండలేదని ఒకణ్ణి బయటికి పంపేసింది. మూల కూర్చున్న ముసలాయన ఇంకోటి పొయ్యమంటే పొయ్యలేదు. మంచినీళ్ళ గ్లాసు పెట్టి, ఫోన్లో కారు పిలిచి, మోచెయ్యి పట్టుకుని గుమ్మందాకా దింపి వచ్చింది. మా గేటు పక్క కొట్లో ఇంక వద్దులే అని గ్లాసు వెనక్కి తీసుకున్నవాడు ఒక్కడుంటే పెద్దబాబాయి... చూడు, ఎత్తనని అంటూనే ఎత్తాను.

అప్పుడొచ్చావు నువ్వు. ఆఫీసు చొక్కా తడిసి ఒంటికంటుకుపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు. నన్ను చూసి ముందు తిట్టి, తర్వాత కింద కూర్చుని నా కాలు నీ ఒళ్ళోకి తీసుకున్నావు. ఆ ఐసు గుడ్డ నువ్వు తిప్పి తిప్పి పెట్టావే, అది నేను మర్చిపోలేదు. ఇంకోటి కూడా మర్చిపోలేదు. ఆ పిల్ల నిన్ను పేరు పెట్టి పిలిచింది. నేను నీ పేరు చెప్పాను కాబట్టి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు అడుగుతున్నాను, కోపం లేదు. సీతారామయ్య గారి మనవడు చెప్పిన పబ్బు అదేనా?

అదే అయితే, నువ్వు మంచి మనుషుల మధ్యే ఉన్నావని నాకు సగం నిశ్చింత. మిగతా సగం నీ కాగితాల గురించి.

చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఆ ఓపీటీలో ఉద్యోగం చదువుకి సంబంధించిందే అయి ఉండాలని, మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదని, సెలవులూ ఆదివారాలూ కలిపే లెక్కని నువ్వే నాకు కరెంటు బిల్లు వెనక గీసి చూపించావు. మీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని ఆగస్టులో ఒకసారి అన్నావు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను సెప్టెంబరు 1 నుంచి గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో గీతలు పెడుతున్నాను. ఇవాళ్టికి 47. జూన్‌లో ఉద్యోగంలో చేరకముందు పోయిన 12 కూడా కలపాలి కదా, 59. ఇంక 31 మిగిలాయి. నా లెక్క తప్పయితే అంతకన్నా సంతోషం లేదు, ఒక్క ముక్క రాయి, క్యాలెండరు చింపేస్తాను. నిజమే అయితే, రాత్రిళ్ళు పబ్బులో సంపాదించే డాలర్లు అద్దెకి సరిపోతాయి గానీ ఆ 90లో ఒక్క రోజునీ ఆపవు. పైగా ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే రెండేళ్ళ చదువూ పోతుంది. జీతం లేకపోయినా చదువుకి తగ్గ పని వారానికి 20 గంటలు చేస్తే లెక్కలోకి వస్తుందని చెప్పింది నువ్వే. అది ఎందుకు చూడలేదు? యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్ళని కలిశావా? సోమవారం పొద్దున్నే వెళ్ళు. ఏదీ దాచకుండా అడుగు. వాళ్ళు ఉన్నదే అందుకు.

లెక్చరివ్వనని అనుకున్నాను, ఇచ్చేశాను. ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. రేవు ఒడ్డున ఫ్రెడరిక్ డగ్లస్ పేరున ఉన్న మ్యూజియానికి తీసుకెళ్ళావు గుర్తుందా? బానిసత్వం మీద పోరాడిన ఆ డగ్లస్, తనే బానిసగా ఉన్న కుర్రతనంలో, అక్కడి ఓడల యార్డులోనే వడ్రంగులు దుంగల మీద రాసే ఒక్కో అక్షరం చూసి రాయడం నేర్చుకున్నాడట. చెక్కల సందుల్లో నార కూరే పని చేసి, ఆ కూలి యజమానికిచ్చేవాడు. 1838లో ఓడ పనివాడైన స్నేహితుడి కాగితాలు అరువు తీసుకుని, నావికుడి వేషంలో రైలెక్కి తప్పించుకున్నాడు. టికెట్టు చూసేవాడు ఆ కాగితాన్ని పరీక్షగా చూసుంటే ఆయన కథ అక్కడితో ముగిసేది. నువ్వు ముందుకి నడిచి వెళ్ళిపోయావు గానీ నేను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక్క కాగితం మీద ఒక మనిషి బతుకంతా ఆనుకుని ఉండటం చూస్తే నాకు కాళ్ళు కదల్లేదు. అప్పట్నుంచీ నీ కాగితాలంటే నాకు ఇంత టెన్షన్.

డబ్బు గురించి మొహమాటపడకు. అమ్మ పేరున ఉన్న డిపాజిట్ నవంబరులో చేతికొస్తుంది, ఇప్పుడే తీసినా వడ్డీ కొంచెం తగ్గుతుంది, అంతే. దాన్ని అప్పనుకో, మరేదైనా అనుకో. ఈ మాట నేను చెప్పానని మీ అమ్మకి తెలియనివ్వకు. తను చెప్పానని నాకు తెలియనివ్వొద్దని తనూ నీకు చెప్పే ఉంటుంది. వెనక్కి వచ్చేస్తానన్నా గది ఖాళీగానే ఉంది. సున్నం వేయించింది అందుకు కాదులే, గోడ చెమ్మెక్కిందని.

ఆ మెట్ల దగ్గర బల్బు మార్చారా? ఇంటాయనకి మేమున్నప్పుడే రెండుసార్లు చెప్పాను. చలి మొదలై ఉంటుంది, రేవు గాలి చెవుల్లోంచి దూరుతుంది, టోపీ లేకుండా తిరగకు. ఆ రాళ్ళ మీద రబ్బరు అడుగున్న బూట్లే వేసుకో. కాఫీలతో కడుపు నింపుకోకు, పొద్దుట రెండు ఇడ్లీలైనా వేసుకుని బయల్దేరు. అమ్మ పెట్టి వచ్చిన కందిపొడి అయిపోయుంటే చెప్పు, వచ్చే నెల వెళ్ళేవాళ్ళున్నారు. ఆ పచ్చబొట్ల అమ్మాయికి నా నమస్కారాలు చెప్పు. కాలు పూర్తిగా తగ్గిందని చెప్పు.

ఎల్లుండి ఆదివారం నీకు పొద్దున్న తొమ్మిది అయ్యేసరికి మాకు సాయంత్రం ఆరున్నర. ఫోన్ దగ్గరే కూర్చుని ఉంటాం. వీడియో పెట్టు, ముఖం చూడాలి. పెట్టకపోతే ఉత్త ఫోనైనా చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న

అమ్మ ఇప్పుడే వచ్చి చదివింది. నెయ్యి వాడుతున్నావో లేదో అడగలేదేమని కోప్పడింది. వాడుతున్నావా?