రెండోసారి ఎవరు వాయిస్తారు?

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో "ఎప్పుడూ కొత్త రచనలేనా, ఇంకో ఆరు నెలలు చైకోవ్‌స్కీ వయొలిన్ కన్సర్టో మీద పెట్టొచ్చు కదా" అన్నాను. నువ్వు "సరే నాన్నా, ఉంటాను" అని పెట్టేశావు. ఆ "ఉంటాను"లో ఎంత కోపం ఉందో నాకు తెలుసు. ఫోన్‌లో మనిద్దరికీ మాట కుదరదు, అందుకే రాస్తున్నాను.

రాత్రి పడుకున్నాక నాకే నవ్వొచ్చింది. నేను వాయించమన్న ఆ కన్సర్టో, ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వయొలిన్ ముందుండి వాయించే ఆ రచన కూడా ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని కొత్త సరుకే. చైకోవ్‌స్కీ ఎంతో ఆశగా పేరున్న వయొలిన్ విద్వాంసుడు లియోపోల్డ్ ఆవర్‌కి అంకితమిస్తే, ఇందులో కొన్ని చోట్లు వయొలిన్ మీద సరిగ్గా పలకవని ఆయన పక్కన పెట్టేశాడు. చివరికి 1881 డిసెంబరులో వియన్నాలో అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ వాయించాడు. చెవులకి కంపు కొట్టే సంగీతం కూడా ఉంటుందేమో అన్నట్టు విమర్శకుడు హాన్స్‌లిక్ సమీక్ష రాశాడు. చైకోవ్‌స్కీ అంకితాన్ని బ్రాడ్‌స్కీ పేరు మీదికి మార్చేశాడు. తర్వాత అదే ఆవర్ దాన్ని వాయించాడు, శిష్యులకీ నేర్పాడు. మన ఇంట్లో ఆవర్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్లూ నీకు చెప్పని సంగతి ఒకటుంది. నీ వయసులో మేం నలుగురం ఒక క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో ఉండే బృందం, నడిపేవాళ్లం. ఒక అమ్మాయి మాకోసం 14 నిమిషాల రచన రాసిచ్చింది. అదే కచేరీలో బీథోవెన్ కూడా ఉంది. రిహార్సల్సన్నీ బీథోవెన్‌కే పోయాయి, కొత్తదానికి రెండు పూటలు మిగిలాయి. "తప్పు వాయించినా ఎవడికి తెలుస్తుందిరా" అని మాలో ఒకడన్నాడు, అందరం నవ్వాం. కచేరీలో సగం దాటాక నేను ఒక బార్, అంటే తాళంలో ఒక చుట్టు, ముందుకి దూకేశాను. వయోలా వాడు నన్ను అందుకున్నాడు, చెలో వాడు అందుకోలేదు. ఆఖరి పేజీ ఎవరి దారి వాళ్లది. అయినా నలుగురం ఒకేసారి ఆగాం, అదెలాగో నాకిప్పటికీ తెలీదు. మర్యాదకి చప్పట్లు పడ్డాయి. బయట మెట్ల మీద ఒకాయన "ఈ కొత్త సంగీతం మనకెక్కదండీ" అంటున్నాడు. ఆయన విన్నది ఆ అమ్మాయి రాసిందసలు కాదు, నా తప్పు. ఆమె వచ్చి థాంక్స్ చెప్పి, మా నలుగురి స్వరాల కాగితాలూ సంచిలో సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రచన మళ్లీ ఎవరైనా వాయించినట్టు నేను వినలేదు. మెండెల్‌సన్ లాంటి పేరున్నవాడి రచనని పాడుచేస్తే తిట్లు మనకి పడతాయి. ఎవరూ వినని రచనని పాడుచేస్తే తిట్లు దానికి పడతాయి, అమ్మలూ.

నా టెన్షనంతా నీ సంపాదన గురించే అనుకుంటున్నావు. కొంత అదీ ఉంది, కాదనను.

వయొలినిస్టు లూయీ క్రాస్నర్ సంగతి నీకు తెలుసు కదా. 1935లో స్వరకర్త ఆల్బన్ బెర్గ్‌ని 1500 డాలర్లకి కన్సర్టో రాయమని అడిగినవాడు. బెర్గ్ అప్పుడు ఆపెరా పనిలో తలమునకలై ఉన్నాడు, డబ్బుకీ కటకటే. ఆ ఏప్రిల్లో బెర్గ్ స్నేహితురాలు ఆల్మా మాలర్ కూతురు మానన్ 18 ఏళ్లకే పోయింది. ఆ పిల్ల జ్ఞాపకంగా బెర్గ్ ఆ వేసవిలోనే కన్సర్టో పూర్తి చేశాడు. డిసెంబరులో తనూ పోయాడు, ఒక్కసారి కూడా వినకుండానే. అందులో సోలో వయొలిన్ ఎలా మొదలవుతుందో గుర్తుందా? వేలు ఆనించకుండా వట్టి తీగలు నాలుగూ, కింది నుంచి పైకి, మళ్లీ కిందికి. మొదటి రోజు నీ చేతికి కమాను ఇచ్చి నేను నేర్పిన పాఠం అదే. ఆ నాలుగు తీగలతో ఆయన ఎక్కడికి వెళ్లాడో విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

అయితే క్రాస్నర్‌లో నాకు నచ్చేది వేరే. 1936 ఏప్రిల్లో బార్సిలోనాలో తొలిసారి వాయించాడు. రెండు వారాలు తిరక్కుండానే లండన్‌లో బెర్గ్ స్నేహితుడు వెబర్న్ కండక్ట్ చేస్తుంటే మళ్లీ వాయించాడు. 1940లో బెర్గ్ గురువు షోన్‌బర్గ్ కన్సర్టోని ఫిలడెల్ఫియాలో వాయించాడు. బతుకుతెరువుకి తర్వాత మినియాపొలిస్ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్‌మాస్టర్‌గా, అంటే వయొలిన్ల వరసకి నాయకుడిగా చేశాడు, ఆపైన యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. నువ్వు ఆర్కెస్ట్రా సీటుకి ఆడిషన్ ఇస్తే లొంగిపోయినట్టేం కాదు.

మొదటిసారి వాయించడానికి వేదిక ఎలాగోలా దొరుకుతుంది. 'తొలి ప్రదర్శన' అని పోస్టర్ మీద వేసుకోవచ్చు, డబ్బిచ్చేవాళ్లూ ఉంటారు. రెండోసారికే ఎవరూ కనపడరు. బీథోవెన్ కన్సర్టోనే చూడు. 1806లో ఫ్రాంజ్ క్లెమెంట్ వాయించాక దాన్ని పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. 38 ఏళ్ల తర్వాత లండన్‌లో మెండెల్‌సన్ కండక్ట్ చేస్తుంటే 12 ఏళ్ల యోఆహిమ్ వాయించాడు, అప్పుడు నిలబడింది. రష్యన్ స్వరకర్త గుబైదులినా వయొలిన్ కన్సర్టో 'ఆఫెర్టోరియం' అయినా అంతే. వయొలినిస్టు గిడాన్ క్రేమర్ 1981లో వియన్నాలో వాయించి ఊరుకుని ఉంటే? ఊరూరా మోసుకు తిరిగాడు కాబట్టే ఆమె పేరు బయటి ప్రపంచానికి తెలిసింది.

నువ్వు 23 తొలి ప్రదర్శనలు ఇచ్చానని చెప్పావు. అందులో రెండోసారి వాయించినవెన్ని? ఆ లెక్క రాసి పంపు. నీ మీద కోపంతో అడగడం లేదు, ఆ మెట్ల మీది మనిషి నాకింకా గుర్తున్నాడు.

ఇంకోటి. కమాను కర్రతో తీగల్ని కొట్టమని రాసినచోట నీ మంచి కమాను వాడకు. పోయినసారి చూశాను, దాని పాలిష్ లేచిపోతోంది. నా పాతది పార్సిల్ చేశాను, దాన్ని ఎంతైనా బాదుకో.

పోయిన కచేరీలో నువ్వు ఒంటరిగా వాయించిన రచన నాకెక్కలేదు. మొదటి ఆరు నిమిషాలు గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. చివర్లో కమానుని తీగల్ని మోసే చెక్క బ్రిడ్జి దగ్గరికి జరిపి ఒక సన్నటి స్వరం పట్టావు చూడు, గాజు మీద గోరు జారినట్టు, అది ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. అక్కడికి ఎలా చేరావో నాకు అంతుపట్టలేదు. అది మళ్లీ ఎప్పుడు వాయిస్తున్నావో చెప్పు, టికెట్ కొనుక్కుని వస్తాను.

నీ నాన్న