ముందు జాలీ ఎత్తి చూడండి

సంపాదకులకు,

బాత్‌రూమ్‌లో నీళ్లు నిలబడితే వంటసోడా చల్లి వెనిగర్ పోయమని ఇంటి చిట్కాల్లో తరచూ రాస్తుంటారు. నురగ భలే పొంగుతుంది గానీ, ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. చివరికి మిగిలేది ఏదో లవణం కరిగిన నీళ్లు. తూములో అడ్డుపడేవి ఎక్కువగా వెంట్రుకలు. వాటిని అది ముట్టుకోనైనా ముట్టుకోదు.

ఏం పోయాలన్నది తర్వాత మాట, ముందు అడ్డు ఎక్కడుందో తేల్చుకోవాలి. ఒక్క వాష్‌బేసినో, స్నానం చేసే చోటో మాత్రమే మెల్లగా లాగుతుంటే లోపం అక్కడి ట్రాప్‌లోనే, అంటే తూము కింద కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే భాగంలోనే ఉంటుంది. కమోడ్ ఫ్లష్ చేయగానే నేల జాలీలో బుడబుడలు వచ్చినా, నీళ్లు పైకి తన్నినా మురుగంతా బయటికి పోయే పెద్ద లైన్‌ను అనుమానించాలి. అలాంటప్పుడు లోపల కెలికి లాభం లేదు, బయట ఆ లైన్ మీద ఉండే చాంబర్ (మురుగు గుంత) మూత తీయాలి. చాంబర్ నిండి ఉంటే అడ్డు దాని అవతల, ఖాళీగా ఉంటే ఇంటికీ దానికీ మధ్య.

నేల ట్రాప్ అయితే గ్లవ్స్ వేసుకుని జాలీ ఎత్తండి. చాలావాటిలో దాని కింద బోర్లించిన కప్పు ఉంటుంది, అదీ తీయండి. టార్చ్ వేస్తే బూడిదరంగు జిగురు ముద్ద కనిపిస్తుంది. నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి కరగని మడ్డిగా మారి, వెంట్రుకలకు పట్టి అలా తయారవుతుంది. ఆపైన షాంపూ ప్యాకెట్ చింపిన చిన్న మూలముక్క చాలు, దారి మూసుకుపోవడానికి. గట్టి తీగ చివర కొక్కెంలా వంచి ముద్దను పైకి లాగాలి. కర్రతో తోస్తే అది ట్రాప్ దాటి చేతికందని వంపులో కూర్చుంటుంది. అంతా వచ్చాక గోడలు బ్రష్‌తో రుద్ది, 10 లీటర్ల బకెట్ ఒక్కసారిగా కుమ్మరించండి. గిర్రున సుడి తిరిగి దిగితే పని అయినట్టే. కప్పు తీసేస్తే నీళ్లు ఇంకా బాగా పోతున్నాయని కొందరు దాన్ని పక్కన పడేస్తారు. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల ఎత్తున నీళ్లు నిలవడానికే ఆ కప్పు. అది లేకపోతే ఇంట్లోకి వాసనా, బొద్దింకలూ వచ్చేస్తాయి.

వాష్‌బేసిన్‌కు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ ఉంటే పని ఇంకా తేలిక. కింద బకెట్ పెట్టి అడుగు గిన్నెను చేత్తో తిప్పి విప్పడం, కడగడం, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించడం, అంతే. ప్లంజర్ (పిడి ఉన్న రబ్బరు గిన్నె) వాడేటప్పుడు మాత్రం బేసిన్ పై అంచు దగ్గరున్న ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని తడిగుడ్డతో మూయాలి. లేకపోతే ఒత్తిడంతా అందులోంచే పోతుంది.

శుభ్రం చేసిన నెలకే మళ్లీ మొదటికొస్తోందా? పైపు వాలు చూపించండి. మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉండాలి. వాలు చాలని పైపులో మడ్డి పేరుకుంటూనే ఉంటుంది, ఏ మందూ పనిచేయదు.

ఇక యాసిడ్. బాత్‌రూమ్ యాసిడ్ వెంట్రుకల్ని పెద్దగా కరిగించదు, టైల్స్ మధ్య సిమెంటునూ స్టీలు జాలీనీ మాత్రం తినేస్తుంది. బ్లీచింగ్ వాడిన చోట పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం. కాస్టిక్ సోడా వెంట్రుకల్ని కరిగిస్తుంది, నిజమే. కానీ నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది, దానిమీద యాసిడ్ పోస్తే ఎగిసి ముఖాన చిమ్ముతుంది. మరిగే నీళ్లూ వద్దు, పీవీసీ పైపు మెత్తబడి వంగుతుంది.

ఇప్పటికే ఏదైనా పోసి ఉంటే ఆ సంగతి, పోసిన డబ్బాతో సహా, పనికొచ్చిన మనిషికి ముందే చెప్పండి. ట్రాప్ విప్పగానే ఆ నీళ్లు పడేది అతని చేతుల మీద.

– కొందరు ప్లంబర్లు