బ్యాంకు అంటే బల్ల

లండన్

నాన్నగారికి నమస్కారాలు.

డబ్బు దాచుకునే బ్యాంకూ, నది ఒడ్డుని ఇంగ్లీషువాళ్ళు అనే బ్యాంకూ ఒకే మాటా, లేక స్పెల్లింగు కలిసిందంతేనా అని ఫోన్‌లో అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఉద్యోగమంతా ఆ బోర్డు కిందే చేసిన మీకు ఇది తీరిగ్గా రాయాలనిపించింది.

రెండిటి మూలం ఒకటే నాన్నగారూ. ఇంగ్లీషులోకి వచ్చిన దారులే వేరు.

ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషలకి మూలమైన పాత జర్మానిక్ భాషల్లో ఈ మాట ఎత్తుగా, పొడుగ్గా అరుగులా ఉండేదాన్ని చెప్పేది. కూర్చునే బల్లకీ అదే, మట్టి గట్టుకీ అదే. ఇంగ్లీషువాళ్ళ సొంత పాత భాషలో అది కూర్చునే బల్లగా నిలిచి బెంచ్ అయింది. మనం రోజూ బెంచీ అంటున్నది దాన్నే. స్కాండినేవియా నుంచి వచ్చి ఉత్తర ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ళ భాష నుంచి గట్టు, ఒడ్డు అనే అర్థంతో బ్యాంక్ వచ్చింది. నది ఒడ్డు సంగతి అంతటితో సరి.

డబ్బుల బ్యాంకు దారి మాత్రం చాలా చుట్టుదారి. జర్మానిక్ తెగలు ఇటలీలో స్థిరపడ్డాక వాళ్ళ మాట ఇటాలియన్‌లో కలిసి బాంకో, బాంకా అయింది. అంటే బల్లే. మధ్యయుగంలో ఇటలీలో ఒక్కో నగరం సొంత నాణేలు ముద్రించుకునేది. ఊరు మారితే నాణెం మారాల్సిందే. అందుకని సంతల్లో, ఓడరేవుల్లో డబ్బు మార్చేవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చునేవారు. నాణేన్ని త్రాసులో తూచి, అరిగిందా, అంచు గీకేశారా అని చూసి, అప్పుడు మారకం ఇచ్చేవారు. బల్ల దగ్గరికి వెళ్ళడమంటే డబ్బు పని మీద వెళ్ళడమే. పోను పోను ఆ వ్యాపారానికీ, ఆ తర్వాత సంస్థకీ బల్ల పేరే స్థిరపడింది. పదిహేనో శతాబ్దం చివరికి అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మీరు అన్నేళ్ళు కూర్చున్న కౌంటర్ కూడా మొదట డబ్బు లెక్కపెట్టే బల్లే. కంప్యూటర్లు వచ్చాయి, ఏటీఎంలు వచ్చాయి, పేర్లలో మాత్రం ఆ బల్ల ఇంకా అలాగే ఉంది. నాకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేను.

దివాలాకి ఇంగ్లీషులో వాడే బ్యాంక్‌రప్ట్ కూడా ఇక్కడిదే. ఇటాలియన్‌లో బాంకా రొత్తా, అంటే విరిగిన బల్ల. బాకీ తీర్చలేనివాడి బల్లని అందరి ముందూ విరగ్గొట్టేవారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వ్యాపారం కూలిపోవడాన్నే అలా అన్నారనుకోవడం సబబుగా ఉంది. కూలిపోవడాలకి మాత్రం కొదవ లేదు. ఫ్లోరెన్స్‌లో బార్ది, పెరుత్సీ అనే పెద్ద సంస్థలు ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్‌కి యుద్ధం కోసం బోలెడు అప్పులిచ్చాయి. రాజు తీర్చలేదు. 1340లలో రెండూ మునిగిపోయాయి. ఒక్క అప్పే కారణం కాకపోవచ్చు గానీ, రాజుకి అప్పిచ్చి వసూలు చేసుకోవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా!

ఆ ఇటలీవాళ్ళ జాడ ఇక్కడ ఇంకా కనిపిస్తుంది. లండన్‌లో బ్యాంక్ అనే పేరుతోనే ఒక మెట్రో స్టేషన్ ఉంది. పైకి వస్తే ఒకవైపు 1694లో పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, ఇంకోవైపు లాంబార్డ్ స్ట్రీట్. ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన వ్యాపారుల్ని లాంబార్డులు అనేవారు, వీధికి వాళ్ళ పేరే మిగిలింది. ఆ వీధిలో తల పైకెత్తి చూస్తే గోడల నుంచి వేలాడే పెద్ద పెద్ద లోహపు గుర్తులు కనిపిస్తాయి. ఒకచోట బంగారు రంగు మిడత ఉంది, పక్కనే 1563 అని రాసి ఉంటుంది. మొదటి ఎలిజబెత్ రాణికి ఆర్థిక వ్యవహారాలు చూసిన థామస్ గ్రెషమ్ వంశ చిహ్నం అది. ఇళ్ళకి నంబర్లు లేని కాలంలో షాపు ఆనవాలు పట్టడానికి ఇలాంటి బొమ్మలే దిక్కు. మీరు వచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకెళ్తాను.

అక్కడి నుంచి నది పక్కకి. థేమ్స్ ఒడ్డుని రాళ్ళతో ఎత్తు చేసి కట్టిన విక్టోరియా ఎంబ్యాంక్‌మెంట్ 1870లో తెరిచారు. ఇంజనీరు జోసెఫ్ బజాల్గెట్. పైన రోడ్డు, కింద నగరం మురుగు పోయే పెద్ద కాలువ, రైలు సొరంగం. ఎంబ్యాంక్‌మెంట్‌లో ఉన్నదీ మన బ్యాంకే, గట్టు కట్టడం అని. దాని మీద పాతకాలపు ఇనుప బెంచీలున్నాయి, చేతులు ఆనించుకునేచోట ఒంటె బొమ్మలు పోతపోశారు. గట్టు బ్యాంకు, దాని మీద కూర్చునేది బెంచీ. విడిపోయిన రెండు మాటలు ఒకే చోట!

మిగతా అర్థాలు గబగబా చెప్పేస్తాను. విందుని బ్యాంక్వెట్ అంటారే, ఆ మాటకి మొదటి అర్థం చిన్న బల్ల. సంతలో బల్లెక్కి దొంగ మందులు అమ్మేవాడికి ఇటాలియన్‌లో బల్లెక్కినవాడనే పేరు, ఇంగ్లీషులో మౌంటిబ్యాంక్. పాత ఓడల్లో తెడ్లు వేసేవాళ్ళు కూర్చునే బల్ల వరసల నుంచి స్విచ్చుల వరసకీ, లిఫ్టుల వరసకీ బ్యాంక్ వచ్చింది. సముద్రంలో మునిగి ఉన్న ఇసుక దిబ్బ కూడా బ్యాంకే. విమానం మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకి వాలడం ఏటవాలు గట్టు నుంచి వచ్చిన అర్థం.

బ్లడ్ బ్యాంక్ మాత్రం వీటన్నిటికన్నా కొత్తది. 1937లో చికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే డాక్టరు నిల్వ రక్తం ఇచ్చే విభాగం పెట్టి ఆ పేరు పెట్టారు. ముందు జమ, అవసరానికి విత్‌డ్రా. జమాఖర్చుల భాష రోగి మంచం దాకా రావడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

మా ఆఫీసులో ఒక జర్మన్ అమ్మాయి ఉంది. వాళ్ళ భాషలో ఈనాటికీ బెంచీ అన్నా బ్యాంకన్నా మాట ఒకటేనట, బహువచనం చెబితేనే తేడా తెలుస్తుంది. బెంచీలైతే బెంకె, బ్యాంకులైతే బాంకెన్. స్పానిష్‌లోనూ బాంకో అంటే రెండూను.

చెక్కు గురించి కూడా రాయాలి. చదరంగంలో రాజుకి చెక్ అంటామే, అదే మాట అది, పర్షియన్ షా నుంచి వచ్చింది. ఆ కథ ఇంకో ఉత్తరంలో. ఈలోపు మీ రోజుల్లో బ్రాంచిలో కౌంటర్‌కీ, లెడ్జర్లకీ, స్ట్రాంగ్ రూముకీ మీలో మీరు ఏమేం పేర్లు వాడుకునేవారో గుర్తున్నవన్నీ రాయండి. అవి నాకు ఏ నిఘంటువులోనూ దొరకవు.

అమ్మకి నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి