కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కుటుంబాలన్నింటికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాది పనులన్నీ మీ ముందు ఉంచాలి. అయితే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయానికి కేటాయించాను. అది వీధికుక్కల తగవు. నిరుడు వేసవిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇరుగుపొరుగు వారు ఈ రోజు ఒకే కాగితం మీద సంతకాలు చేసి కూర్చున్నారు. దాని వెనుక ఎవరెవరి శ్రమ ఉందో నమోదు కావాలి.

ముందుగా మిగతా పనులు. మంచినీటి ట్యాంకు కడిగించాం. రెండో వీధి మురుగుకాల్వలో పూడిక తీయించాం. పార్కులో రెండు ఇంకుడుగుంతలు తవ్వించాం. వినాయక చవితికి మట్టి విగ్రహమే నిలిపాం. జెండా పండుగలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. బహుమతులు సమకూర్చిన కిరాణా దుకాణం వారికి, షామియానా ఉచితంగా వేయించిన నాలుగో వీధి సభ్యులకు, పులిహోర ప్రసాదం వండిపెట్టిన మహిళా బృందానికి సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. మే నెలలో మూడో వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని కుక్క కరిచింది. ఆ రాత్రికే కాలనీ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. కుక్కలన్నింటినీ కాలనీ దాటించాలని ఒక వర్గం పట్టుబట్టింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో చనిపోయినప్పటి దృశ్యాలు ఆ తల్లిదండ్రుల మనసులో ఇంకా చెరిగిపోలేదు. అన్నం పెట్టే వారిని దుర్భాషలాడితే ఊరుకోబోమని రెండో వర్గం అంది. ఏళ్ల తరబడి సొంత డబ్బుతో కుక్కలకు టీకాలు వేయించిన తమను నేరస్తుల్లా చూస్తున్నారన్నది వారి బాధ. ఇరుపక్షాల ఫిర్యాదులూ నా దగ్గర ఫైల్లో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఇవి ఒకే కాలనీ గురించి రాసినవంటే నమ్మడం కష్టం. కుక్కలు వందకు పైనే ఉన్నాయని ఒకరు రాస్తే, ఇరవై దాటవని మరొకరు రాశారు.

ఆగస్టులో గొడవ ఇంకా ముదిరింది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్న కుక్కను అక్కడే వదలాలని, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వదలరాదని చెప్పింది. మన కాలనీలో ఒక వర్గం మొదటి ఉత్తర్వునే పంచుకుంది, మరో వర్గం రెండోదాన్నే పంచుకుంది. రెండో ఉత్తర్వులోనే కుక్కలకు ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, దానికి ప్రత్యేక స్థలాలు కేటాయించాలని కూడా ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ పైకి చదవలేదు.

అప్పుడు సంఘం రంగంలోకి దిగింది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాల కోసం సామాజిక మధ్యవర్తిత్వం అనే అధ్యాయం ఉంది. ఇరుపక్షాల ముందస్తు సమ్మతి, ముగ్గురు మధ్యవర్తులు అన్నవి అందులోని పద్ధతి. మనది చట్టప్రకారం ఏర్పడిన మండలి కాదు. అయినా ఆ పద్ధతినే పాటించాం. రెండు పక్షాల నుంచి ముందే రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్నాం. ఏ పక్షంలోనూ లేని ముగ్గురు పెద్దలను కూర్చోబెట్టాం. వారిలో ఒకరైన విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు గారికి ఈ సభ ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పాలి.

మొదటి సమావేశంలో ఆవిడ కుక్కల ఊసే ఎత్తలేదు. 1951లో అమెరికాలో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ విద్యాసంస్థల మధ్య జరిగిన ఒక మొరటు ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి చెప్పారు. తర్వాత హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే పరిశోధకులు రెండు చోట్లా విద్యార్థులకు ఆ ఆట ఫిల్మే వేసి చూపించి, ఎవరెన్ని తప్పులు చేశారో గుర్తించమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు సొంత విద్యార్థుల కంటికి ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ విద్యార్థుల కంటికి అంతకు రెట్టింపు కనిపించాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి విన్నాక హాలులో గొంతులు తగ్గాయి. ఆ తర్వాత ఆవిడ ఒక నియమం పెట్టారు. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త సూచించిన నియమమది: ఎదుటివారు చెప్పింది ముందు మన మాటల్లో తిరిగి చెప్పాలి, ‘అవును, నేనన్నది అదే’ అని వారు ఒప్పుకున్నాకే మన వాదన మొదలుపెట్టాలి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది. కానీ మొదటి సాయంత్రం ఒక్కరు కూడా మొదటి ప్రయత్నంలో గట్టెక్కలేదు. అవతలివారి మాటల్లోకి తమ ఆరోపణ దూరిపోతూనే ఉంది.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఆ తర్వాత జరిగింది. రెండు పక్షాలనూ కలిపి వేర్వేరు వేళల్లో కాలనీ అంతా నడిపించాం. అన్నం పెట్టేవారు కుక్కలను చూసేది సాయంత్రం, అవి తోక ఊపుతూ వచ్చే వేళ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చే నర్సు, డెలివరీ కుర్రాళ్లు, తెల్లవారకముందే పనికి వచ్చే అక్కలు చూసేది అవే కుక్కలు గుంపు కట్టి బండి వెంటపడే వేళ. అర్ధరాత్రి నడకలో తామెంతో ముద్దుగా పెంచిన కుక్క తమవైపే మొరుగుతూ దూసుకురావడం చూసి, పదేళ్లుగా కుక్కలకు అన్నం పెడుతున్న ఒకావిడ నిశ్చేష్టురాలయ్యారు. సాయంత్రం నడకలో తన బిడ్డను కరిచిన కుక్క తిరిగే గుంపులోని ఒకటి వాచ్‌మన్ కాళ్ల దగ్గర పడుకొని ఉండటం ఆ బాబు తండ్రి చూశారు. ఆయన అభిప్రాయం మారలేదు, మారాలని మేమూ కోరలేదు. ఏ చోట, ఏ వేళ ప్రమాదమో అప్పటినుంచి ఆయనే వేలు పెట్టి చూపించారు.

రాత్రి గుంపు కట్టేది అన్నం పెట్టే చోట కాదని ఆ నడకల్లోనే తేలింది. మాంసం దుకాణం వ్యర్థాలు పడేసే మూల మీద, వీధిదీపం వెలగని చోట అవి చేరుతున్నాయి. ఒక చెవి కత్తిరించినట్టు ఉన్న కుక్కలే కొట్లాటల్లో ఆరితేరినవని, ముందు వాటినే తరలించాలని చాలామంది అనుకునేవారు. నిజానికి అది శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కకు పెట్టే గుర్తు. ఇది తెలిశాక మా జాబితా తలకిందులైంది. అందరూ కలిసి లెక్కించినప్పుడు కుక్కలు వందా కాదు, ఇరవయ్యీ కాదు, 40కి కాస్త పైన తేలాయి.

సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినోత్సవానికి వైద్యులను పిలిపించాం. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలని, పసుపు, కారం, సున్నం పూయకూడదని, లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమేనని, కాబట్టి టీకా ఆలస్యం చేయరాదని వారు వివరించారు. ప్రశ్నల సమయంలో ఇళ్లలో పనిచేసే ఒక అక్క లేచి, తనను రెండుసార్లు కుక్క కరిచిందని, కూలి పోతుందని సూదికి వెళ్లలేదని చెప్పింది. మేమెవ్వరం అంతవరకు ఆమెను అడగలేదు, ఆమె సంఘం సభ్యురాలు కాదు కదా! కాలనీలో అందరికంటే ఎక్కువగా నడిచేవారు ఈ తగవులో ఏ పక్షంలోనూ లేరని ఆ రోజు తెలిసింది. అక్కడికక్కడే ఇద్దరు సభ్యులు తమ కారులో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లారు. వారికి వేల వందనాలు.

అక్టోబరులో ఒప్పందం కుదిరింది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోని 20వ నిబంధన ప్రకారం కుక్కలకు తిండి పెట్టే ఏర్పాటు చూడాల్సింది సంఘమే. పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా, పిల్లలు, వృద్ధులు తిరగని వేళ పెట్టాలని అందులోనే ఉంది. ఆ ప్రకారం మూడు చోట్లు, ఒక వేళ నిర్ణయించాం. తిన్నాక చోటు శుభ్రం చేసే బాధ్యత పెట్టినవారిది. వ్యర్థాలు చెత్త బండికే ఇస్తానని దుకాణం యజమాని మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. కరిచిన ఫిర్యాదు వస్తే ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు కలిసి వెళ్లి విచారిస్తారు. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోని కుక్కలను తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించాక, పక్కనున్న పాఠశాలతో మాట్లాడి గోడలో కంతలు పూడిపించాం. రెండు కుటుంబాలు ఇప్పటికీ ఒప్పందంపై సంతకం చేయలేదు. వారి అభ్యంతరాలను మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాశాం.

బాధ కలిగించే విషయం కూడా చెప్పాలి. మిగిలిన కుక్కలకు శస్త్రచికిత్సలు చేయించమని సంబంధిత కార్యాలయానికి ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా ‘వాహనం లేదు, వచ్చేవారం చూద్దాం’ అన్న జవాబే వచ్చింది. ఒక విడత తీసుకెళ్లి తెచ్చి వదిలారు, ఆ తర్వాత జాడ లేదు. ఆడకుక్కలు ఈనే కాలం దాటితే మేం చేసిన లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. వీధిదీపం కూడా చివరికి మనమే చందాలు వేసుకొని బాగుచేయించాం. ఇక స్వచ్ఛంద సేవకుల సంగతి. గ్రూపులో రోజుకు పది సందేశాలు పెట్టినవారిలో ఎక్కువమంది నడకలకు రాలేదు, లెక్కింపు రోజు కూడా కనిపించలేదు. వచ్చింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. వారిలో ఇద్దరు డెబ్బై దాటినవారు. తగవు పడటానికి ఉన్న తీరిక తీర్చడానికి ఎందుకు ఉండదో సభ్యులు ఆలోచించాలి.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. ఆడిటర్ గారు పరిశీలించి సంతకం చేశారు. చందా బకాయిలు ఉన్నవారు ఈ నెలాఖరులోగా కోశాధికారి గారికి చెల్లించాలి.

ముగ్గురు పెద్దలకు, సమావేశాలకు హాలు ఇచ్చిన ఆలయ కమిటీకి, టీ కాచి ఇచ్చిన వాచ్‌మన్ దంపతులకు, ఉచితంగా వచ్చిన వైద్యులకు, ఉత్తర్వులను తెలుగులో చదివి వినిపించిన న్యాయవాది సభ్యులకు, లెక్కింపు పటం గీసిన ఇంజినీరింగ్ విద్యార్థినులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

సభ ముందు రెండు తీర్మానాలు ఉంచుతున్నాను. ఇళ్లలో పనిచేసేవారి నుంచి ఇద్దరిని, వాచ్‌మన్‌ల నుంచి ఒకరిని విచారణ బృందంలోకి తీసుకోవాలన్నది మొదటిది. కుక్కకాటు బాధితులను ఆసుపత్రికి చేర్చే ఖర్చుకు, పోయిన ఆ రోజు కూలికి సంఘం నిధి నుంచి కొంత మొత్తం కేటాయించాలన్నది రెండోది. చర్చించి ఆమోదించాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి