పెద్దక్షరాలు తెచ్చిన తంటా

ఒరేయ్ మిత్రుడా,

నీ ఉత్తరానికి ఇరవై రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. మొదట రాసిన జవాబును నీకంటే ముందు మా ఆవిడ చదివేసింది. అందుకే అది నీ దాకా రాలేదు. మొదటి నుంచి చెబుతాను, విను.

మా అబ్బాయి తన పాత కంప్యూటర్‌ను నాకు వదిలేసి వెళ్లాడని చెప్పాను కదా. మానిటర్ చూడడానికి దర్జాగానే ఉంటుంది, అక్షరాలు మాత్రం చీమల బారు. ఇంగ్లీషుతో ఎలాగో నెట్టుకొచ్చాను. చిక్కంతా తెలుగు దగ్గరే. పైన గుడి, కింద ఒత్తు, నడుమ అసలు అక్షరం. అంత సంసారాన్ని అగ్గిపెట్టెంత గదిలో కుక్కితే ఏం కనబడుతుంది? ఒక ఆరోగ్య వ్యాసంలో 'రోజూ వాడుతున్న మందులు' అన్నదాన్ని 'రోజూ పాడుతున్న మందులు' అని చదివి, ఇదేదో సంగీత చికిత్స కాబోలని రెండు పేరాలు ముందుకు వెళ్లాను.

అప్పుడు నా సొంత తెలివి ఉపయోగించాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 1920×1080 ఉన్న రిజల్యూషన్‌ను 1280×720కి దించాను. అక్షరాలు పెద్దవయ్యాయి కానీ, తడి కాగితం మీద సిరా పాకినట్టు అలుక్కుపోయాయి. లోపం నా కళ్లదేనని డాక్టరు దగ్గరికి వెళ్లి ఫీజు కూడా సమర్పించుకున్నాను. కళ్లద్దాలు సరిగానే ఉన్నాయని ఆయన పంపించేశాడు.

చివరికి అబ్బాయి ఫోనులో గుట్టు విప్పాడు. మానిటర్ తయారైనప్పుడే దానిమీద చుక్కలు లెక్కగా ఉంటాయట: అడ్డంగా 1920, నిలువుగా 1080. మనం 1280 చాలంటే, బొమ్మలోని ఒక్కో చుక్కను తెర మీది ఒకటిన్నర చుక్కల్లో సర్దాలి. సగం చుక్కను వెలిగించడం దానికి చేతకాదు కనుక పక్కదానితో రంగు కలిపి సరిపెడుతుంది. నేను చూసిన మసక అదే. రిజల్యూషన్‌ను దాని మానాన వదిలేసి, ఆ పైనే ఉన్న స్కేల్‌ను 150 శాతం చేయమన్నాడు. అప్పుడు అక్షరాన్ని సాగదీయకుండా పెద్దదిగా మళ్లీ గీస్తుందట. చేశాను. 'లక్ష్మి'లో ఒత్తులన్నీ ఎవరి చోటులో వారు బుద్ధిగా కూర్చున్నారు. కొన్ని పాత ప్రోగ్రాములు మసకగానే మిగిలాయి గానీ, ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ వస్తే చాలామటుకు అవీ దారికి వచ్చాయి.

స్టార్ట్ మెనూలో క్లియర్‌టైప్ అని వెతుకు. కళ్లద్దాల దుకాణంలో 'ఇది బాగుందా, ఇందాకటిదా?' అని అడిగినట్టే నమూనాలు చూపించి, నీకు నచ్చినట్టు అక్షరాల అంచులు సరిచేస్తుంది. రాత్రిపూట తెరను పసుపు రంగు వైపు తిప్పే నైట్ లైట్ కూడా పెట్టి చూశాను. రాత్రి పెళ్లి ఫొటోలు తెరిస్తే బంధువులందరికీ కామెర్లు వచ్చినట్టు కనిపించారు. తీసేశాను.

డెస్క్‌టాప్ మీద పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల నాటి ఆ పచ్చని గుట్ట పెట్టుకున్నాను. అది అరకు లోయేనని నువ్వు పందెం కాసింది గుర్తుందా? కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో 1996లో చార్లెస్ ఓ'రియర్ అనే ఆయన తీసిన ఫొటో అది. నాకు నువ్వు రెండు ప్లేట్ల పెసరట్టు బాకీ.

ఇక అసలు ఘట్టం. నీకు ఉత్తరం రాస్తూ, గుత్తివంకాయ కూర గురించి ఒక వాక్యం రాసి కాఫీ కోసం లేచాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ హాలు గుమ్మంలోనే నిలబడి, కళ్లద్దాలు కూడా లేకుండా నా వాక్యాన్ని గట్టిగా చదువుతోంది. "ఏమండీ, ముప్పై ఏళ్లు తిన్నాక ఇప్పుడు తెలిసిందా ఉప్పు సంగతి?" అంది. వారం రోజులు ఇంట్లో అన్ని కూరల్లోనూ ఉప్పు దండిగా పడింది. ఇన్నాళ్లూ నా రహస్యాలను కాపాడింది ఆ చీమల బారేనని అప్పుడు బోధపడింది.

పైగా పాస్‌వర్డ్ గుర్తుండదని, తెరవగానే నేరుగా లోపలికి వెళ్లేలా నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు పిన్ పెట్టాను. నాలుగంకెలు పాస్‌వర్డ్ కంటే ఎలా గట్టివని నేనూ వాదించాను. పాస్‌వర్డ్ దొరికితే మన మైక్రోసాఫ్ట్ ఖాతాను దొంగ ఎక్కడి నుంచైనా తెరుస్తాడు. పిన్ ఈ ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది, వేరేచోట చెల్లదు. పదేపదే తప్పు కొడితే కాసేపు ఆపి, ఏ1బీ2సీ3 టైపు చేయమని పరీక్ష పెడుతుంది. అయినా నాలుగంకెలతో ఆగకు, పుట్టిన సంవత్సరం అసలే వద్దు. లేచేటప్పుడు విండోస్ బొమ్మ ఉన్న మీటతో పాటు ఎల్ నొక్కితే చాలు, తాళం పడుతుంది. ఆవిడకు విడిగా ఒక ఖాతా తెరిచి ఇచ్చాను. రాజీలో అది మొదటి షరతు.

ఇంతా చేసి డిస్క్‌ను ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే పిన్ అడ్డుపడదు. అందుకు ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేకుండా డిస్క్‌లోని రాతను గూఢంగా మార్చే ఏర్పాటు, ఉండాలి. దాని రికవరీ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఏదో ఒకరోజు మొరాయిస్తే అదొక్కటే దిక్కు. తప్పు పడకూడదని నేను రాస్తుంటే ఆవిడ ఒక్కో గుంపూ రెండుసార్లు చదివి వినిపించింది. ఆ కాగితం ఇప్పుడు ఆవిడ పాల లెక్కల పుస్తకంలో ఉంది.

నీ మానిటర్ అంచుకు అంటించిన పాస్‌వర్డ్ చీటీ నేను పోయినసారే చూశాను. వచ్చే ఆదివారం వస్తున్నాను, ఈలోగా తీసెయ్. కూర గురించి నేను అసలేం రాశానో నోటితోనే చెబుతాను.

నీ
వాడుక మారని మిత్రుడు