పికప్ బండికి ఏ ఆయిల్?

సంపాదకులకు,

మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గర పికప్ బండ్లు రిపేరు చేస్తుంటాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటోంది. చాలామంది వీటికీ పాత రకం, సీఐ-4 గ్రేడు ఇంజన్ ఆయిలే పోయిస్తున్నారు. మసి వేడికి కాలిపోతుంది. ఆయిల్‌లోని రసాయనాల బూడిద మాత్రం కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. మొన్న ఒకాయన బండి నిండు లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కలేకపోయింది. ఫిల్టర్ విప్పితే బూడిద గట్టిగా పట్టేసి ఉంది. పాపం, కిస్తీలు కట్టుకునే మనిషి!

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే సరిపోదు, అది చిక్కదనం సంగతే. సీకే-4 లాంటి, బూడిద తక్కువ రకం కావాలి. కచ్చితంగా ఏ ఆయిల్ పోయాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది కానీ, ఇంగ్లీషులో. ఆ ఒక్క ముక్కా బానెట్ లోపల తెలుగులో స్టిక్కర్ వేసి అంటించమని బండ్ల కంపెనీలను కోరుతున్నాను.

- ఒక డీజిల్ మెకానిక్, మదనపల్లె